దుబాసీ మేడ, మండువా లోగిలి

ఇటీవల ఒక ఉదయము పటమటలో బందరు రోడ్డు వెనుకనున్న ఒక సందులో నడచుచుండగా ఒక పాత ఇంటి ముందు లారీ ఆగియుండుట చూచితిమి. దానిలోనికి కూలీలు టేకు దూలములను, చెక్కడపు పని గల ఒక సింహద్వారమును ఎక్కించుచుండిరి. గడప మీద పసుపు ఇంకను ఆరలేదు. ద్వారబంధము పైకమ్మి నడుమ చెక్కిన గజలక్ష్మికి ఎవరో ఆనాటి ఉదయమే కుంకుమ పెట్టియుండిరి. ఇంటి లోపలినుండి పెంకులు దింపు చప్పుడు వినవచ్చుచుండెను. వీధి అరుగు మీద ఆ ఇంటి పెద్దావిడ కూర్చుండియుండిరి. ఆమెకు ఎనుబది ఏండ్లు దాటియుండును.

"ఇంత చక్కని ఇల్లు పడగొట్టించుచున్నారేమమ్మా" అని మేము అడిగితిమి. ఆమె కోపపడలేదు. "నాయనా, ఈ ఇంటిని చూసి మెచ్చుకునేవాళ్ళు చాలామందే వచ్చారు. వానాకాలం ముందు పెంకులు సర్దించడానికి మాత్రం ఒక్కళ్ళూ రాలేదు. నలుగురు పిల్లలు, నాలుగు ఊళ్ళు. ఈ మండువాని నాలుగు ముక్కలుగా ఎట్లా కొయ్యను?" అన్నారు.

ఆ ప్రశ్నకు అప్పుడు మావద్ద సమాధానము లేకపోయినది. ఈనాటి ప్రసంగము ఒక విధముగా ఆ సమాధానమును వెదకుటయే. అయితే ఆ వెదకుట పటమటలో మొదలిడక, ఇచటికి దక్షిణముగా సముద్రతీరమున నున్న పుదుచ్చేరి పట్టణములో, నేటికిని నిలిచియున్న ఒక పదునెనిమిదవ శతాబ్దపు ఇంటివద్ద మొదలిడుదుము. ఆ ఇంటికిని మన కృష్ణామండలమునకును సంబంధమేమి యని శ్రోతలకు తోచవచ్చును. సంబంధము కలదు. అది మనము మరచిపోయిన సంబంధము.

పుదుచ్చేరిలో సముద్రమునకు దగ్గరగా ఫ్రెంచివారి పేట, కాలువకు పడమట తమిళుల పేట యని రెండు భాగములు కలవు. ఆ పడమటి పేటలో, పెద్ద బజారుకు సమీపమున, రంగపిళ్ళె వీథి యను పేరు గల వీథిలో ఆనందరంగ పిళ్ళె మేడ యున్నది. 1738 ప్రాంతమున దీనిని కట్టించినట్లు చెప్పుదురు. ఇది రాజప్రాసాదము కాదు, జమీందారు కోట కాదు, దేవాలయము కాదు. ఒక వర్తకుని ఇల్లు. తన తెలివితో, భాషాజ్ఞానముతో, వ్యాపారముతో పైకివచ్చిన ఒక గృహస్థు తన కుటుంబము నివసించుటకును, తన వ్యవహారములు సాగుటకును కట్టించుకొనిన ఇల్లు. నేడది ఆ పట్టణపు వారసత్వ భవనములలో ఒకటిగా గుర్తింపును, సంరక్షణను పొందియున్నది.

ఆనందరంగ పిళ్ళె 1709లో చెన్నపట్టణమునకు చేరికయైన పెరంబూరులో జన్మించెను. తండ్రి తిరువేంగడం పిళ్ళెతో బాల్యముననే పుదుచ్చేరి చేరెను. తండ్రి అనంతరము ఫ్రెంచి కంపెనీతో వర్తకము నడపి, స్వంత ఓడను కూడ సముద్రము మీద నడిపించెను. 1746లో కనకరాయ మొదలి మరణించిన పిమ్మట గవర్నరు డూప్లే యొద్ద ముఖ్య దుబాసి యయ్యెను. దుబాసి యనగా ద్విభాషి, రెండు భాషలు తెలిసినవాడు. కాని ఆనాటి దుబాసి కేవలము మాటలను మార్చి చెప్పువాడు కాడు. సరకుల ధరలు కుదుర్చుట, నేతగాండ్రకు బయానాలిచ్చుట, నవాబులకు లేఖలు వ్రాయుట, కంపెనీకి అప్పులు పుట్టించుట, ఇవన్నియు ఆయన చేతిమీదుగా జరిగినవి. ఒక వైపు యూరపు, ఒక వైపు దక్షిణాపథము. నడుమ ఆయన గడప.

ఆ రెండు లోకములును ఆయన ఇంటి గోడలలో నేటికిని కనుపించును. క్రింది అంతస్తు మన దేశపు పద్ధతి. నడుమ ముంగిలి, దాని చుట్టును చెక్కడపు పని గల కొయ్య స్తంభములు, వాటి మీద దూలములు. మెట్లెక్కి పైకి పోయినచో లోకము మారిపోవును. కొయ్య స్తంభములకు మారుగా తెల్లని సున్నపు పూత గల లావుపాటి కట్టుడు స్తంభములు, ఫ్రెంచివారి మేడలలోని రీతి. క్రింద ఇంటివారి ఆచారము, పైన దొరల మర్యాద. ఒకే ఇల్లు రెండు భాషలు మాటలాడుచున్నది. ఆ ఇల్లు కూడ ఒక దుబాసియే యనిపించును.

ఇక మన సంబంధమునకు వత్తము. 1750లో ఫ్రెంచివారు మచిలీపట్టణమును ఆక్రమించిరి. 1753లో బుస్సీ నిజామునొద్ద నుండి ఉత్తర సర్కారులను సంపాదించెను. ముస్తఫానగరమని వ్యవహరింపబడిన కొండపల్లి సర్కారు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము ఫ్రెంచివారి చేతికి వచ్చినవి. బెజవాడ కొండపల్లి సర్కారులోనిది. అనగా కొన్ని ఏండ్లపాటు మన ఈ కృష్ణ యొడ్డున పండిన పంటలో సర్కారు భాగము ఫ్రెంచివారి లెక్కలలోనికి ఎక్కినది. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు బందరు కోటను పట్టుకొనెను. దానితో ఆ అధ్యాయము ముగిసినది. బందరు సీమలో ఏ గుడ్డకు ఏ ధర పలికెనో, ఏ ఓడ ఎప్పుడు వచ్చెనో, ఆ వార్తలు పోయి చేరిన స్థలములలో రంగపిళ్ళె చావడి ఒకటి.

మరియొక సంబంధము మరింత మధురమైనది. రంగపిళ్ళె తెలుగు కవులను ఆదరించెను. కస్తూరి రంగకవి యను తెలుగు కవి ఆయనకు అంకితముగా ఒక ఛందోగ్రంథమును రచించి, దానికి ఆయన పేరనే ఆనందరంగరాట్ఛందము అని నామకరణము చేసెను. లక్షణచూడామణి యని దానికి మరియొక పేరు. శ్రీనివాసకవి యనునాయన 1752లో ఆనందరంగ విజయ చంపువును సంస్కృతమున రచించెను. ఒక తమిళ వర్తకుని ఇంట తెలుగు పద్యలక్షణము, సంస్కృత చంపువు, ఫ్రెంచి వ్యాపార లేఖ ఒకే కాలమున ఆదరణ పొందినవి. తెలుగు ఛందశ్శాస్త్ర చరిత్ర వ్రాయువాడు పుదుచ్చేరిలోని ఈ ఇంటిని విడిచి వ్రాయజాలడు.

ఇంతకన్న ముఖ్యమైనది ఆయన దినచర్య. 1736 సెప్టెంబరు 6వ తేదీన ఆరంభించి, మరణపర్యంతము ఇరువదినాలుగేండ్లకు పైగా ఆయన తమిళమున దినచర్య వ్రాసికొనెను. గవర్నరుతో జరిగిన సంభాషణలు, ఓడల రాకపోకలు, వీథిలో పుట్టిన వదంతులు, తన కోపతాపములు, అన్నియు వ్రాసెను. ఆయన 1761 జనవరిలో, ఇంగ్లీషువారి ముట్టడి నడచుచుండగా, పట్టణము లొంగిపోవుటకు కొలది దినముల ముందు కన్నుమూసెను. పిమ్మట కోటయు, గవర్నరు సౌధమును, యూరపియనుల పేటయు ఇంగ్లీషువారిచే నేలమట్టము చేయబడినవి. ఆ వినాశమును దాటి నిలిచిన ఇండ్లలో దుబాసిగారి ఇల్లు ఒకటి. అధికారము వెలసిన భవనము పోయినది. ఆ అధికారమునకు మాటలందించిన వాని ఇల్లు మిగిలినది.

దినచర్య సంగతి ఎట్లైనది? ఆయన మరణించిన ఎనుబదియైదేండ్లకు, 1846లో, గాల్వా మోంబ్రూన్ అను ఫ్రెంచి ఉద్యోగి దానిని కనుగొని ప్రతి వ్రాయించెను. అంతవరకు ఆ పుస్తకములు వంశీయుల యొద్దనే యుండెను. తరువాత 1904 మొదలు 1928 వరకు మద్రాసు ప్రభుత్వము పండ్రెండు సంపుటములుగా దాని ఇంగ్లీషు అనువాదమును ప్రకటించెను. నేడు పదునెనిమిదవ శతాబ్దపు దక్షిణదేశమును గూర్చి వ్రాయు చరిత్రకారుడెవ్వడును దానిని చూడక వ్రాయడు. ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఇల్లు నిలిచినచోట పెట్టె నిలుచును. పెట్టె నిలిచినచోట కాగితము నిలుచును. ఇల్లు కూలినపుడు చెదరునవి ఇటుకలు మాత్రమే కావు.

పటమటలో ఆ ఉదయము మేము చూచిన మరియొక దృశ్యమును ఇచట చెప్పవలసియున్నది. దూలముల లారీ వెళ్ళిన పిమ్మట పాత కాగితములు కొనువాని బండి వచ్చినది. అటక మీద నుండి దింపిన రెండు గోనెసంచులను అతడు కాటా మీద పెట్టెను. వాటిలో ధాన్యపు లెక్కల పుస్తకములు, శిస్తు రసీదులు, పెండ్లి శుభలేఖలు, చెదలు తిన్న ఒక తాటాకుల కట్ట యుండెను. మేము బ్రతిమాలి ఆ తాటాకుల కట్టను, నాలుగైదు లెక్కల పుస్తకములను ఆ పెద్దావిడ అనుమతితో అడిగి పుచ్చుకొంటిమి. మిగిలినది కిలోల లెక్కన పోయినది. వాటిలో ఏమి పోయినదో ఇక ఎవ్వరికిని తెలియదు. రంగపిళ్ళె దినచర్యకు 1846లో ఒకడు దొరకెను. మన ఇండ్లలోని పుస్తకములకు దొరకువాడు సాధారణముగా కాటా పట్టుకొని వచ్చుచున్నాడు.

అయితే ఒక ఇంటిని కాపాడుట యనగా దానిని కట్టించినవానిని పూజించుట కాదు. 1748లో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని ముట్టడించిన కాలమున ఫ్రెంచివారు అచటి వేదపురీశ్వరుని ఆలయమును పడగొట్టిరి. రంగపిళ్ళె దానిని కన్నులార చూచి, దుఃఖించి, తన దినచర్యలో వ్రాసెను. కాని కొలువు మానలేదు. ఆయన మనస్సులోని ఆ చీలిక ఆ కాలపు చీలిక. ఆలయము పోయినది, తరువాత వేరొక చోట మరల కట్టబడినది. పడగొట్టుటను వ్రాసినవాని ఇల్లు నిలిచియున్నది. ఆ ఇంటి ముంగిట నిలుచున్నవారికి ఈ చరిత్రయంతయు, దాని గౌరవముతోను, దాని అగౌరవముతోను, కంటికెదురుగా వచ్చును. పాఠ్యపుస్తకము చేయలేని పని ఇది. పాత ఇంటికి వారసత్వపు విలువ యని మనము చెప్పునది ఇందువలననే.

మన కృష్ణామండలపు మండువా లోగిళ్ళకు ఇట్టి విలువ కలదా? దుబాసి దినచర్య వంటిది ప్రతి ఇంటను దొరకదు. కాని ప్రతి మండువాయును తనంతట తానే ఒక దినచర్య. నాలుగు వైపుల నుండియు పెంకుల కప్పు లోపలికి వాలియుండును. వాననీరు నడుమనున్న మండువాలో పడి తూము గుండా బయటికి పోవును. గృహిణులు చూరు క్రింద గంగాళములు పెట్టి ఆ నీటిని పట్టుకొనెడివారు. ఎండకాలమున వేడిగాలి మండువా గుండా పైకి పోగా, వసారాలో నీడయు చల్లదనమును నిలుచును. విద్యుత్తు లేని దినములలో, మన రోహిణీకార్తెలో, మనుష్యుడు బ్రతుకుటకు మన పూర్వులు కనుగొనిన యంత్రము అది.

ఇండ్లను ఎత్తైన అరుగుల మీద కట్టుట కూడ ఊరక చేసినది కాదు. ఒక వైపు కృష్ణ, ఒక వైపు బుడమేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు నీట మునిగిన సంగతి శ్రోతలు మరచియుండరు. నాలుగు మెట్లెక్కి ఇంటిలోనికి పోవు పాత ఇండ్లు ఆ నీటి జ్ఞాపకమును తమ పునాదులలో దాచుకొనియున్నవి. మనము ఆ మెట్లను తొలగించి వాకిలిని రోడ్డు మట్టమునకు దింపితిమి.

అంతేకాదు, మన డెల్టా చరిత్ర ఆ ఇండ్ల సామగ్రిలో వ్రాయబడియున్నది. 1832, 33 సంవత్సరములలో ఈ ప్రాంతమును నందన కరవు పీడించినది. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైనది. కాలువలు వచ్చినవి, మాగాణి పెరిగినది, ధాన్యము అమ్మినవాని చేతికి రొక్కము వచ్చినది. గోదావరి మీద తెప్పలుగా వచ్చిన టేకు కాలువల మీదుగా మన యూళ్ళకు చేరినది. కొంత కాలమునకు గూనపెంకు స్థానమున బంగళాపెంకు వచ్చినది. గోడలోని పాత ఇటుకను, మీది పెంకును చూచి, ఏ తరములో ఆ కుటుంబము ఎట్లుండెనో చెప్పగల వృద్ధులైన తాపీమేస్త్రీలు నేటికిని అచ్చటచ్చట కలరు. రంగపిళ్ళె మేడ సముద్రవర్తకపు చరిత్ర చెప్పినచో, పటమట లోగిలి కాలువ నీటి చరిత్ర చెప్పును.

మన రాష్ట్రములో ఇండ్లను కాపాడుట బొత్తిగా లేదని కాదు. రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహము ప్రభుత్వ సంరక్షణలో నున్నది. విజయవాడలోనే, 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబిలీ భవనము, 1921లో గాంధీమహాత్ముని యెదుట పింగళి వెంకయ్యగారి జెండా నిలిచిన స్థలము, బాపు మ్యూజియముగా ప్రజల దర్శనార్థమున్నది. బందరులో డచ్చివారి సమాధులు రక్షింపబడుచున్నవి. కాని ఆ డచ్చివారికి గుడ్డలు నేసి, అద్దకములద్ది, అమ్మిన మనవారి ఇండ్లు ఎన్ని మిగిలినవని అడిగినచో, సమాధులకున్న శాశ్వతత్వము సంసారముల ఇండ్లకు లేదని ఒప్పుకొనవలసివచ్చును. మహనీయుడు పుట్టినచోట మనము ఫలకము నిలుపుదుము. సామాన్యుడు బ్రతికిన ఇంటిని గూర్చి ఆలోచింపము.

చట్టము లేదా యని అడుగవచ్చును. కలదు. 1958 నాటి కేంద్ర చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువ కాని కట్టడము ప్రాచీన కట్టడము కావచ్చును. 1960 నాటి రాష్ట్ర చట్టము కూడ కలదు. కాని ఈ చట్టములు ఏ కొన్ని కట్టడములనో ఏరి రక్షించుటకు ఏర్పడినవి. ఊరూర నున్న లోగిళ్ళనన్నింటిని ప్రభుత్వము స్వీకరింపలేదు, స్వీకరింపనక్కరలేదు. పుదుచ్చేరిలో కూడ అన్నియు నిలువలేదు. సముద్రతీరమున నుండిన మేరీ భవనము, పందొమ్మిదవ శతాబ్దములో కట్టినది, బాగుచేయుట ఆలస్యమై, 2014 నవంబరులో వానలకు కూలినది. దానిని మరల పూర్వరూపమున కట్టవలసివచ్చినది. ఆలస్యమునకు చట్టము మందు కాదు.

అయితే అదే పుదుచ్చేరిలో మరియొక పాఠము కలదు. తమిళుల పేటలో వైశ్యుల పేరు గల ఒక వీథి యున్నది. అచటి ఇంటివారికి ముఖభాగములను, అరుగులను, చూరులను బాగుచేయుటకు ధనసహాయమును, పనివారిని, సలహాను అందించి, వారిని వారి ఇండ్లలోనే ఉండనిచ్చి, వీథినంతను నిలబెట్టిరి. 2008లో ఆ పనికి యునెస్కో వారి గుర్తింపు లభించినది. అచట ఇంటివారిని నిందింపలేదు, ఖాళీ చేయింపలేదు. ఇల్లు నిలుపుకొనుట వారికి భారము కాకుండ చేసిరి. రహస్యమంతయు ఇదియే.

ఇప్పుడు పటమట పెద్దావిడ ప్రశ్నకు మరల వత్తము. పటమట 1985లో విజయవాడ నగరములో కలిసినది. నాడు పొలముల నడుమ గ్రామము. నేడు గజము లెక్కన నేల అమ్ముడుపోవు పేట. అట్టిచోట నూరు గజముల మండువాను ఆకాశమునకు వదలిపెట్టుట అందరికిని సాధ్యము కాదు. మండువాను నాలుగు ముక్కలుగా కోయజాలమని ఆమె చెప్పినది అక్షరాల నిజము. ఆమెను తప్పుపట్టు అధికారము, పెంకులు సర్దించుటకు పోని మనకు లేదు.

కాని చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, పడగొట్టుటకు ముందు కొలుచుట. ఏ ఇంజనీరింగు కళాశాల విద్యార్థులైనను ఒక వారములో ఒక లోగిలిని కొలిచి, పటము గీసి, ఛాయాచిత్రములు తీయగలరు. ఇల్లు పోయినను దాని జ్ఞానము నిలుచును. రెండవది, అటక మీది కాగితము. దానిని కాటాకు పంపుటకు ముందు ఒక్కసారి దగ్గరి గ్రంథాలయమునకు కబురు పంపుట. మూడవది, నిలుపుకొన దలచినవారికి పురపాలక సంఘము ఇంటిపన్నులో కొంత తగ్గింపు, మరమ్మతుకు కొంత సహాయము. నాలుగవది, సున్నపు పని తెలిసిన మేస్త్రీలను తయారుచేయుట. సున్నపు గోడ తడిని పీల్చి మరల విడుచును. దాని మీద సిమెంటు పూసినచో తడి లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. మంచి బుద్ధితో చేసిన సిమెంటు పూతల వలన చెడిన పాత గోడలెన్నో కలవు. ఐదవది, ఒక ఊరికి ఒక్క లోగిలి. అన్నియు కాదు, ఒక్కటి. దానిని పఠనాలయముగనో, బాలబడిగనో, పెండ్లిచావడిగనో వాడుకొనవచ్చును. వాడుకలో నున్న ఇల్లే నిలుచును. తాళము వేసిన ఇంటిని చెదలు, దాయాదులు కలిసి పంచుకొందురు.

రంగపిళ్ళె మేడ రెండువందల ఎనుబది ఏండ్లకు పైగా నిలిచినది. ముట్టడులను, వానలను, వారసులను, ప్రభుత్వములను దాటి నిలిచినది. ఆ మేడకు మొదట రక్ష చట్టము కాదు. అందులో మనుష్యులు నివసించిరి, దీపము పెట్టిరి, చూరు బాగుచేసికొనిరి. చట్టము ఆ తరువాత వచ్చినది.

ఆ ఉదయము మేము సెలవు తీసికొనుచుండగా పటమట పెద్దావిడ లారీ వంక చూపి, "ఆ తలుపులు ఎక్కడికి పోతాయి నాయనా?" అని అడిగిరి. ఏదో హోటలుకో, ఏ ధనికుని తోటయింటికో పోవునని చెప్పితిమి. ఆమె కొంచెము సేపు ఊరకుండి, "పోనీలే, ఎక్కడో ఒకచోట వాకిట్లోనే పెడతారుగా. గజలక్ష్మికి కుంకుమ పెట్టమని మాత్రం వాళ్ళకు చెప్పండి" అన్నారు.

తలుపు ఎవరింటికి పోయినదో మాకు తెలియదు. ఆ మాటను ఎవరికి చెప్పవలెనో తెలియక ఈ ఆకాశవాణి ద్వారా చెప్పుచున్నాము. ఆ తలుపును కొనినవారు వినుచున్నచో, వారికి ఆ ఇంటి పెద్దావిడ కోరిక ఇది. ఇక తమ ఇంటి తలుపును ఇంకను అమ్మని వారు వినుచున్నచో, వారికి మా మనవి యొక్కటే. ఈ వానాకాలము లోపుగా ఒకసారి కప్పు పైకి ఎక్కించి పెంకులు చూపించుకొనుడు. మేస్త్రీ దొరకనిచో మాకు ఉత్తరము వ్రాయుడు. వెదకి పెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము.